లెక్కలో లేని ప్రాణం

ఖరగ్‌పూర్ మథురాకాటిలోని ఆ ఇంట్లో రెండేళ్ళపాటు రోజుకు రెండు హద్దులుండేవి. ఉదయం ఆరున్నరకు ఒక మాత్ర, సాయంత్రం ఆరున్నరకు మరొకటి. పెళ్ళికి వెళ్ళినా, గోల్‌బజారుకు వెళ్ళినా ఆ రెండు వేళల నడుమనే తిరిగి రావాలి. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా పనిచేసి పదవీ విరమణ పొందిన ఆ ఇంటి పెద్దాయనకు వేళ తప్పకపోవడం కొత్త కాదు. మూర్ఛరోగంతో ఉన్న ఒక చిన్న కుక్క కోసం ఆ అలవాటు మళ్ళీ అక్కరకు వచ్చింది. దాని పేరు మోతీ.

పెద్దాయన తాతగారు శ్రీకాకుళం ప్రాంతం నుంచి బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కొలువుకు వచ్చినవారు. అలా వచ్చిన తెలుగు కుటుంబాలు మథురాకాటి, నిమ్‌పురా వంటి పేటల్లో తరతరాలుగా స్థిరపడ్డాయి. రైల్వే పట్టణంలో మనిషి ఉనికి కాగితాల మీద ఉంటుంది: క్వార్టరు, పాసు, ఆసుపత్రి కార్డు, పింఛను పత్రం. కాగితం మీదకు ఎక్కడానికి ఎంతకాలం పడుతుందో ఇక్కడివారికి తెలుసు. శతాబ్దానికి పైగా ఈ ఊళ్ళో వినిపిస్తున్న తెలుగుకు అధికార భాష హోదా ఇవ్వాలని పశ్చిమ బెంగాల్ మంత్రివర్గం నిర్ణయించినది 2020 డిసెంబరులో. అప్పటికి శాసనసభ ఎన్నికలు కొద్ది నెలల దూరంలో ఉన్నాయి.

మోతీకి ఏ కాగితమూ లేదు, ఓటు అంతకన్నా లేదు. 1072.5 మీటర్ల పొడవుతో ఒకప్పుడు ప్రపంచంలోనే అతి పొడవైనదిగా పేరుపొందిన ఖరగ్‌పూర్ ప్లాట్‌ఫారం చివర, 2023 వానాకాలంలో, తడిసిన బస్తాల సందున అది ఆ దంపతుల కంటబడింది. రెండు నెలల కూన. కళ్ళు పుసులు కట్టి ఉన్నాయి, ముక్కు కారుతోంది. “ఏమండీ, ఈ రాత్రికి ఉంచుదాం. తెల్లవారాక చూద్దాం,” అన్నారు పెద్దాయన భార్య. తెల్లవారిన తరువాత ఆ మాటను ఇద్దరిలో ఎవరూ ఎత్తలేదు.

దాని జబ్బు డిస్టెంపర్. కుక్కలకు సోకే ఈ వైరస్‌ను చంపే మందు లేదు. శరీరం తట్టుకునేలా చూడటమే వైద్యం. టీకా మాత్రం 1920ల చివరనాటికే బ్రిటన్‌లో తయారైంది. వేళకు వేస్తే జబ్బు దరిచేరదు. మోతీ జ్వరం నుంచి బయటపడింది గాని, వైరస్ అప్పటికే మెదడును తాకింది. ముందుగా దవడ అదరడం మొదలైంది. తరువాత ఎడమ ముంగాలు నిద్రలో సైతం ఎగిరిపడేది. ఆపైన మూర్ఛలు వచ్చాయి. “ఇది నయమయ్యేది కాదు, దీనితో నెట్టుకురావాలి,” అని పశువైద్యుడు ఫినోబార్బిటాల్ మాత్రలు రాశాడు. పన్నెండు గంటలకొకటి, ఉన్నట్టుండి మానేస్తే మూర్ఛలు మరింత తీవ్రమవుతాయి.

పెద్దాయన ఒక నోటు పుస్తకం తెరిచారు. తేదీ, గంట, మూర్ఛ ఎన్ని నిమిషాలుంది అని మూడు గడులు గీశారు. అయిదు నిమిషాలు దాటితే ప్రాణానికే ముప్పు. పెద్ద వైద్యానికి కోల్‌కతా వెళ్ళాలంటే దాదాపు 115 కిలోమీటర్లు. ఆయన పాసులో భార్యకు చోటుంది. కుక్కను వెంట ఉంచుకోవాలంటే మొదటి తరగతి ఏసీ కూపే మొత్తం తీసుకోవాలి. లేకుంటే అది గార్డు పెట్టెలోని గూట్లో ఒంటరిగా వెళ్ళాలి. అక్కడ మూర్ఛ వస్తే చూసేదెవరు? జీవితమంతా రైల్వేలో గడిపిన మనిషి రెండుసార్లూ అద్దె కారులోనే వెళ్ళారు.

మంచి రోజులూ ఉండేవి. మందు పెంచిన ఆకలితో మోతీ వంటింటి గడప వదిలేది కాదు. మరమరాల డబ్బా మూత చప్పుడైతే చాలు, ఎగిరే కాలితోనే పరుగెత్తుకొచ్చేది. మూర్ఛ తగ్గాక మాత్రం కాసేపు ఎవరినీ పోల్చుకోలేక గోడలకు తగులుతూ తిరిగేది. పెద్దాయన నేల మీద కదలకుండా కూర్చుని అరచేయి చాపేవారు. అది వాసన చూసేది, ఆలోచిస్తున్నట్టు ఆగేది, ఆపైన తోక ఆడించేది. పుస్తకంలోని లెక్క ప్రకారం వారి పరిచయం అలా నలభై మూడు సార్లు కొత్తగా మొదలైంది.

2025 దసరా మర్నాడు మూర్ఛలు ఒకదానివెనుక ఒకటి వచ్చాయి. సూదిమందులకు లొంగలేదు. ఇక బాధ ఆపేద్దామా అని వైద్యుడు అడిగాడు. పెద్దాయన గోడ గడియారం వైపు చూస్తూ ఉండిపోయారు. ఆయన భార్యే తల ఊపారు. ఆ రోజు వరుసలో నిమిషాల గడి ఖాళీగా ఉంది.

అయిదు వారాల తరువాత, నవంబరు 7న, విద్యాసంస్థలు, ఆసుపత్రులు, బస్టాండ్లు, రైల్వే స్టేషన్ల ఆవరణల నుంచి వీధికుక్కలను తరలించాలనీ, తిరిగి అక్కడే వదలరాదనీ సుప్రీంకోర్టు ఆదేశించింది. కరిచిన కుక్క వల్ల బిడ్డను పోగొట్టుకున్న తల్లి ముందు ఎవరి జంతుప్రేమ వాదనా నిలవదు. లక్షణాలు బయటపడిన రేబిస్‌కు చికిత్స లేదు. కాని ఈ దేశంలో కుక్క గురించిన చట్టం ఎవరి కోసం రాసుకున్నదో గమనించాలి. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల్లో ప్రధానమైనవి రెండు: పిల్లలు పుట్టకుండా శస్త్రచికిత్స, రేబిస్ టీకా. రెండూ అవసరమే. రెండూ మనిషి క్షేమం కోసమే. డిస్టెంపర్ మనిషికి అంటదు. దాని టీకా ఆ రెంటిలో లేదు. కుక్క వల్ల మనకొచ్చే జబ్బుకు విధానముంది. కుక్కకే వచ్చే జబ్బుకు ఎవరో ఒకరి గుమ్మం తప్ప దిక్కులేదు.

పెద్దాయన ఆ వార్త చదివి పత్రిక మడిచారు. “మనం దాన్ని తెచ్చింది అక్కడి నుంచే కదండీ,” అన్నారు ఆవిడ. ఆ నెల మందుల కోసం తీసి ఉంచిన డబ్బు అలమరలో అలాగే ఉంది. మర్నాడు దానితో ఆ వీధిలోని మూడు కూనలకు డిస్టెంపర్ టీకా వేయించారు. ఇంటికొచ్చి పాత పుస్తకంలోనే కొత్త పుట తిప్పి తేదీ వేశారు. దాని కిందనే, రెండో మోతాదు ఎప్పుడు వేయించాలో రాసుకున్నారు.