ఆటలమ్మ తగ్గినా వైరస్ పోదు

ఐదో తరగతిలో మా హాస్టల్లో ఒకరి తర్వాత ఒకరికి ఆటలమ్మ పోసింది. పక్కపక్కనే పడుకునేవాళ్లం కదా! ఇళ్లకు పంపేశారు. అమ్మలు వేపాకులు పరిచి, విడిగా పడుకోబెట్టారు. విడిగా ఉంచడం మంచి పనే.

పోయినేడాది మా తాతకు నడుం ఒకపక్కన మంటతో బొబ్బలు లేచాయి. "సర్పి. రెండు కొసలూ కలిస్తే మనిషి పోతాడు" అన్నారు ఊళ్లో. పసరు పూస్తూ వారం గడిపాం. బొబ్బలు మానాయి గానీ, నొప్పి ఇప్పటికీ తాతను నిద్రపోనివ్వట్లేదు.

ఆస్పత్రికెళ్లాకే తెలిసింది, రెండూ ఒకటే వైరస్ అని. పేరు వారిసెల్లా జోస్టర్. చిన్నప్పుడు తాతకు ఆటలమ్మ తగ్గాక అది నరాల మొదళ్లలో దాక్కుంది. వయసు పైబడి ఒంట్లో శక్తి తగ్గగానే లేచింది. ఒక నరం వెంటే వస్తుంది కాబట్టి మామూలుగా ఒకపక్కే ఉంటుంది. కొసలు కలుస్తాయన్న భయం అక్కర్లేదు. కానీ బొబ్బలు కనిపించిన 72 గంటల్లోపు మందు మొదలుపెడితే మేలు. ఆ బొబ్బల రసి తగిలితే, ఆటలమ్మ రాని వాళ్లకు ఆటలమ్మ వస్తుంది. గర్భిణులు, పసిపిల్లలు జాగ్రత్త.

పెద్దల్ని ఎగతాళి చేయొద్దు. వేపాకు పరవనిద్దాం. ఆ రోజే ఆటో కూడా మాట్లాడదాం. మేం వారం ఆగాం, మీరు ఆగకండి.