గర్భిణికి కల్లు చలువయా?

వశిష్ఠాగోదావరి యొడ్డుననున్న మా సఖినేటిపల్లిలో “కల్లు చలువ, కడుపుతోనున్నదానికి గ్రుక్కెడు పోసిన దోషములేదు” అను పెద్దల మాట మేమును వినియున్నాము. చెట్టునుండి దింపిన తీపినీరు కొన్ని గంటలలోనే పులిసి మద్యమగును.

సోదరీమణులారా! తల్లి త్రాగిన మద్యసారము మాయను దాటి శిశువు రక్తములో చేరును. దానిని హరించుకొనుటకు ఆ లేత కాలేయమునకు శక్తి చాలదు. తొమ్మిదినెలలును పెరుగుచుండు మెదడులో నాడీకణములు తమతమ తావులకు చేరవలసియుండగా, ఇది కొన్నిటిని చంపును, కొన్నిటిని దారి తప్పించును. అట్టి బిడ్డ చూపునకు చక్కగానే యుండియు బడిలో పాఠము నిలుపుకొనలేక, మొద్దనియు మొండియనియు దెబ్బలు తినవచ్చును. పాపము, వాని తప్పేమి? 1968లో ఫ్రాన్సుదేశపు వైద్యుడు లెమ్వాన్ 127 మంది పిల్లలయందీ కీడును వర్ణించెను. 1973లో అమెరికా వైద్యులు జోన్సు, స్మిత్తు దీనికి పేరిడిరి. ఇంతవరకు త్రాగవచ్చునను కొలత ఏదియు లేదు.

1992లో నెల్లూరుజిల్లా దూబగుంట స్త్రీలు మగవారి సారాపై తిరుగబడిరి. ఆ పోరు వీధిలోనిది. ఈ ముంత ఆడవారి చేతులమీదుగనే గర్భిణికి అందుచున్నది. వేడిచేసినదందురా, కోనసీమలో కొబ్బరిబొండమునకు కరవా? తెలియక త్రాగినవారు బెంగపడక నేడే మాని, డాక్టరుగారితో దాచక చెప్పవలెను. ఏ నెలలో మానినను బిడ్డకు మేలే.