అదురు వేరు, కుదుపు వేరు

జబ్బు చేసిన మనిషి డాక్టరు దగ్గరికి వెళ్ళి "ఒంట్లో బాగాలేదండీ" అని ఊరుకుంటే ఏ డాక్టరూ మందు రాయడు. ఎక్కడ నొప్పి, ఎప్పుడు వస్తుంది, పొద్దున్నా రాత్రా, తిన్నాకా తినకముందా అని నాలుగు ప్రశ్నలు వేసిగాని కలం తీయడు. అడక్కుండా తీసేవారూ ఉన్నారనుకోండి, వారి సంగతి ఇక్కడ అప్రస్తుతం. బండి విషయంలో మాత్రం మనకు ఆపాటి ఓపిక ఉండదు. "బండి ఊగుతోందయ్యా, చూడు" అంటాం. అతను చూస్తాడు. ఏదో ఒకటి మారుస్తాడు. మనం డబ్బిచ్చి ఇంటికొస్తాం. బండి మళ్ళీ ఊగుతుంది.

నిజానికి ఈ రోగం చెప్పుకోవడానికి తెలుగువాడికి మాటల కరువు లేదు. గుంటలో చక్రం పడితే వచ్చేది కుదుపు. పడవలాగా అటూ ఇటూ ఒరిగితే ఊపు. స్టీరింగు చేతిలో చలిజ్వరం వచ్చినవాడి చెయ్యిలా ఆడితే వణుకు. రైలుకట్ట పక్క ఇళ్ళలో గూడ్సుబండి వెళ్తున్నప్పుడు అలమారలో గిన్నెలన్నీ జుమ్మంటాయే, అది అదురు. నాలుగు మాటలకూ నాలుగు కారణాలు. కుదుపు కమాన్ కట్టలది. ఊపు షాక్ అబ్జార్బర్లది. వణుకు చాలామట్టుకు ముందు చక్రాలది. అదురు గిర్రున తిరిగే షాఫ్టుదో, ఇంజనుదో. ఏ మాట వాడాలో తేల్చుకుంటే సగం రోగం తెలిసినట్టే.

హైస్కూల్లో ముప్ఫై ఏళ్ళు భౌతికశాస్త్రం చెప్పిన నాకు ఈ సంగతి మా మేనల్లుడి పికప్పు బండి మూలంగా బాగా తెలిసివచ్చింది.

మా బావగారు పోయాక అక్కయ్య ఒంటరిదైపోతుందని కుర్రవాడు హైదరాబాదులో గోడౌను ఉద్యోగం మానుకుని వచ్చేశాడు. నూజివీడు వైపు కోళ్ళఫారాల నుంచి బెజవాడ దుకాణాలకు గుడ్లు చేరవేసే బేరం కుదుర్చుకున్నాడు. అక్కయ్య మెడలో గొలుసు తాకట్టుకు వెళ్ళింది, మిగతాది ఫైనాన్సు. అలా వచ్చింది ఆ పాత పికప్పు. గుడ్ల వ్యాపారంలో లెక్క చాలా నిష్ఠూరంగా ఉంటుంది. ఒక అట్టకు 30 గుడ్లు. దారిలో పగిలినవాటిలో ఏ కాసినో వదిలేసి, తక్కినవాటి ఖరీదు బండివాడి కిరాయిలోంచి విరగ్గోస్తారు. మావాడికి ట్రిప్పుకు అయిదారు అట్టలు పోతున్నాయి. దానికితోడు హైవే ఎక్కి కాస్త వేగం అందుకునేసరికి బండి యావత్తూ జుమ్మని అదిరేది.

ఒక షాపువారు షాకులు పోయాయన్నారు. మార్చారు. తేడా లేదు. మరొకరు టైర్లన్నారు. నాలుగూ కొత్తవి వేశారు. బిల్లు పెరిగింది గాని అదురు తగ్గలేదు. రెండు వాయిదాలు వెనకబడ్డాయి.

"అమ్మేస్తాను మావయ్యా" అన్నాడు ఒకనాడు సాయంత్రం. "వచ్చినకాడికి అప్పు తీర్చి మళ్ళీ హైదరాబాదు పోతాను."

అక్కయ్య ఏమీ అనలేదు. లోపలికి వెళ్ళి ఎంతసేపటికీ బయటికి రాలేదు.

"అమ్మడానికి తొందరేముందిరా? ముందు దానికి ఏమయిందో తెలుసుకుందాం. ఏమయిందో తెలియని బండి కొనేవాడు నీకు సగం ధరే ఇస్తాడు" అన్నాను.

మొదటి పని, పరీక్షకు రోడ్డు ఎంచుకోవడం. మన డెల్టాలో అది అంత సులువు కాదు. మనది నల్లరేగడి. వానకు ఉబ్బుతుంది, ఎండకు బీటలు తీస్తుంది. దాని మీద వేసిన తారురోడ్డు నాలుగేళ్ళు తిరిగేసరికి అలలు తేలుతుంది. కాలువ గట్ల మీద నడిచే రోడ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఉయ్యూరు వైపో గుడివాడ వైపో లోపలి రోడ్లలో బండిని పరీక్ష చేస్తే, ఏది బండి దోషమో ఏది భూమి దోషమో బ్రహ్మకైనా తెలియదు. అంచేత తెల్లవారుజామున, లారీల రద్దీ పలచగా ఉన్నప్పుడు, హనుమాన్ జంక్షన్ నుంచి గన్నవరం వైపు పెద్ద హైవే ఎంచుకున్నాం.

రెండో పని, ఒకరు నడపడం, ఇంకొకరు రాయడం. నడిపేవాడి దృష్టి రోడ్డు మీదే ఉండాలి. నేను నోటుబుక్కు పట్టుకున్నాను. జంక్షన్లో ఆంజనేయస్వామి దర్శనం చేసుకున్నట్టుంటుందని మా ఆవిడ కూడా బయల్దేరింది. ముగ్గురు పట్టే సీటు గనక ఇబ్బంది లేకపోయింది.

50 దాకా బండి బుద్ధిగా ఉంది. 55 దగ్గర మొదలయింది. 65 దగ్గర చెవులు గింగుర్లెత్తించింది. 75 దాటాక కాస్త సద్దుకుంది. స్టీరింగు నిశ్చలంగా ఉంది, అదురంతా సీటు కిందా కాళ్ళ కిందా. అంటే ముందు చక్రాల మీద అనుమానం తగ్గింది.

"65లో న్యూట్రల్ చెయ్యరా" అన్నాను. ఇక్కడ పాఠకులకు ఒక హెచ్చరిక. ఈ పరీక్షలో ఇంజను ఆపకూడదు. ఆపితే బ్రేకు, స్టీరింగు బిగుసుకుపోతాయి. వెనక బండి ఏదీ లేదని చూసుకుని, ఇంజను నడుస్తూండగానే గేరు మాత్రం తప్పించాలి. మావాడు తప్పించాడు. ఇంజను చప్పుడు ఒక్కసారిగా దిగిపోయింది. అదురు మాత్రం చెక్కుచెదరలేదు. నేను నోటుబుక్కులో 'ఇంజను' అన్న మాట కొట్టేశాను.

అప్పటిదాకా కిటికీలోంచి మామిడితోటలు చూస్తున్న మా ఆవిడ సన్నగా కూనిరాగం తీయడం మొదలుపెట్టింది. నాకు కాస్త చిరాకు వేసింది.

"ఇది వణుకు కాదండీ, శ్రుతి. ఒకటో శ్రుతికి కింది స్థాయి షడ్జం. చూడండి, వేగం తగ్గుతుంటే ఇదీ కిందికి జారుతోంది" అంది.

పాతికేళ్ళు పిల్లలకు సంగీతం చెప్పిన మనిషి. కొట్టిపారెయ్యడానికి వీల్లేదు. ఇంటికి రాగానే కాగితం తీశాను. టైరుకు సుద్దముక్కతో గీత పెట్టి, బండిని నెమ్మదిగా ఒక చుట్టు దొర్లించి, నేల మీద కొలిస్తే 2 మీటర్ల 20 సెంటీమీటర్లు వచ్చింది. గంటకు 65 కిలోమీటర్లంటే సెకనుకు 18 మీటర్లు. అంటే చక్రం సెకనుకు సుమారు 8 చుట్లు తిరుగుతుంది. ఎనిమిదంటే వేళ్ళతో బల్ల మీద దడదడ వాయించినట్టుంటుంది గాని పాటలా ఉండదు. కాబట్టి చక్రం కాదు. ఈ బండి వెనక హౌసింగులో పళ్ళ నిష్పత్తి సుమారు నాలుగు, అంటే చక్రం ఒక చుట్టు తిరిగేలోగా ప్రొపెల్లర్ షాఫ్టు నాలుగు చుట్లు తిరగాలి. 8కి నాలుగింతలు, చిల్లరతో కలిపి 33. దాని రెట్టింపు 66. ఒకటో శ్రుతి షడ్జానికి సెకనుకు సుమారు 131 కంపనాలు, దాని కింది స్థాయికి అందులో సగం, 65 చిల్లర. మా ఆవిడ చెవికీ నా కాగితానికీ మధ్య వెంట్రుకవాసి తేడా కూడా లేదు!

ఆ నోటుబుక్కుతో ఆటోనగర్ వెళ్ళాం. బెజవాడ ఆటోనగర్ 1966లో వెలిసింది. ఆసియాలోనే పెద్దవాటిలో ఒకటని ఊళ్ళోవాళ్ళు గర్వంగా చెప్పుకుంటారు. ఇనుప చాసిస్ ఒక్కటీ వస్తే దానికి కర్రా రేకూ తొడిగి, రంగులు పూసి, పెళ్ళికొడుకులాంటి లారీని చేసి పంపే చోటు అది. కమాన్ కట్టలవారు, రేడియేటర్లవారు, లేతు మిషన్లవారు, ఎవరి విద్య వారిది. అందులో ఒక చిన్న షెడ్డులో అరవై దాటిన ఒక సాయిబుగారున్నారు. నోటుబుక్కులో అంకెలు చదివి వినిపించాను. ఆయన పానా ముట్టుకోలేదు. ఒకే ప్రశ్న వేశారు.

"మాస్టారూ, ఇదివరకు ఈ బండిలో ఏం తోలేవారు?"

"ఇసక, ఇటుకలు" అన్నాడు మావాడు.

"అదీ సంగతి" అంటూ గోనెపట్టా పరిచి బండి కిందికి దూరారు. అయిదు నిమిషాల్లో బయటికొచ్చి మమ్మల్నీ వంగి చూడమన్నారు. వెనక కమాన్ కట్టలో కంపెనీ పట్టీలతో పాటు కొత్తగా కొట్టించిన దళసరి పట్టీ ఒకటి, అటూ ఇటూ. బరువు ఎక్కువ వెయ్యడానికి పాత యజమాని వేయించాడు. టన్నుల కొద్దీ ఇసక ఎక్కితే గాని అది వంగదు. గుడ్లు ఎంత బరువు కనక! స్ప్రింగు వంగనప్పుడు రోడ్డు మీద ప్రతి గతుకూ సూటిగా గుడ్డుకే తగులుతుంది. ఇది కుదుపు. గుడ్లు పగలడానికి ముఖ్య కారణం ఇదే.

ఇక అదురు. ప్రొపెల్లర్ షాఫ్టుకు రెండు కొసల్లో రెండు క్రాసులుంటాయి. మధ్యలో పళ్ళగాడిలో జారే ముక్క ఉంటుంది. విప్పినప్పుడు ఎలా ఉందో అలాగే ఎక్కించడానికి కంపెనీవారు రెండు ముక్కల మీదా బాణం గుర్తులు వేస్తారు. ఎప్పుడో క్రాసు మార్చిన చెయ్యి ఎవరిదో గాని, గ్రీజు తుడిచి ఆ గుర్తులు చూడలేదు. రెండు పళ్ళు పక్కకు ఎక్కించింది.

దీనికి కారణం పాఠం చెప్పే మనిషిగా నాకు మహా ఇష్టమైనది. స్ప్రింగు ఎంత లాగితే అంత సాగుతుందనే సూత్రాన్ని 1678లో ప్రకటించిన రాబర్ట్ హుక్ పేరు మీ పిల్లల పుస్తకంలో ఉంటుంది. ఈ క్రాసు కీలుకు కూడా ఆయన పేరే, హుక్ జాయింటు అంటారు. ఈ కీలుకు ఒక దుర్గుణం ఉంది. ఒంపులో తిరిగేటప్పుడు ఒకే వేగంతో తిరగదు, చుట్టుకు రెండుసార్లు తొందరపడి రెండుసార్లు వెనుకాడుతుంది. 33 చుట్లకు 66 అదుర్లు ఇక్కడివే. అందుకే రెండో కొసన ఇంకో క్రాసు పెడతారు. రెండింటినీ సరిగ్గా అమరిస్తే మొదటిది తొందరపడినప్పుడు రెండోది ఆగుతుంది, మొదటిది ఆగినప్పుడు రెండోది తొందరపడుతుంది. ఒకదాని తప్పును ఇంకొకటి దిద్దుతుంది. అమరిక తప్పితే రెండు తప్పులూ తోడవుతాయి. కాపురాలు కూడా ఇంతేగదా అనిపించింది నాకు. కోపం లేని దంపతులెక్కడున్నారు? ఇద్దరికీ ఒకేసారి రాకపోతే చాలు. పైగా ఆ దళసరి పట్టీ మూలంగా బండి వెనక ఎత్తుగా లేచి షాఫ్టు ఒంపు కూడా పెరిగింది. రెండు రోగాలూ చేతులు కలిపాయన్నమాట.

షాఫ్టు గుర్తులకు ఎక్కించడం పెద్ద పని కాదు, గంటలో అయిపోయింది. పట్టీ దగ్గర మాత్రం మావాడు తటపటాయించాడు. అది తీస్తే గుడ్లు లేని రోజుల్లో ఎక్కువ బరువు వేసుకునే వీలుండదు. ఆ పైడబ్బు మీద వాడికి ఆశ.

"గుడ్లు మోస్తావా, ఇసక మోస్తావా? ముందు అది తేల్చుకో బాబూ. రెండూ ఒక కట్ట మీద నడవవు" అన్నారు సాయిబుగారు.

వాడు కాసేపు రోడ్డు వైపు చూస్తూ నిలబడ్డాడు. తరవాత "తీసెయ్యండి" అన్నాడు. ఇసక బరువుకని టైర్లలో బిగదీసి కొట్టిన గాలి కూడా, తలుపు పక్క కాగితం మీద కంపెనీవారు అచ్చువేసిన లెక్కకు తగ్గించారు. అన్నీ కలిపి అయిన ఖర్చు, మావాడు కొన్న ఒక్క టైరు ఖరీదులో సగం లేదు.

మీలో ఎవరి ఇంట్లోనయినా పాత బండి వణుకుతూంటే, డబ్బు తీసేముందు చూసుకోవలసిన ఖర్చులేని సంగతులు కొన్ని ఉన్నాయి. చక్రం లోపలి అంచున ఎండిన రేగడిమట్టి గడ్డ ఉందేమో చూడండి. మన పక్క పొలాల్లోంచి వచ్చిన బండికి అది మామూలే. ఆ గడ్డ ఒక్కటే చక్రాన్ని వణికిస్తుంది. టైరు పక్క నాలుగంకెలు చదవండి. 0723 అని ఉంటే 2023లో 7వ వారంలో తయారయిందని అర్థం. చక్రం ఎత్తి తిప్పుతూ సుద్దముక్క దగ్గరగా పట్టుకుంటే, టైరు ఎక్కడ ఉబ్బిందో అక్కడే గీత పడుతుంది. ముందు టైర్లు వెనక్కి వేసినప్పుడు వణుకు కూడా వెనక్కి వెళ్తే దోషం టైరుదే. ఒకసారికి ఒక్కటే మార్చండి. రెండు ఒకేసారి మారిస్తే దేని వల్ల నయమయిందో ఎన్నటికీ తెలియదు. పాత బండి కొనేటప్పుడు ఎన్ని కిలోమీటర్లు తిరిగిందని అందరూ అడుగుతారు. ఏం మోసిందని కూడా అడగండి.

ఇప్పుడు మావాడికి ట్రిప్పుకు పగిలేవి అట్టకు లోపే. వెనకబడ్డ వాయిదాలు తీరిపోయాయి. గొలుసు ఇంకా తాకట్టులోనే ఉందిగాని వడ్డీ నెలనెలా సక్రమంగా పోతోంది. హైదరాబాదు మాట మళ్ళీ ఎత్తలేదు. మొన్న అక్కయ్యను ఎక్కించుకుని అదే రోడ్డున 65లో తీసుకువచ్చాడు. ఆవిడ దారిపొడుగునా నిద్రపోయిందట.

మా ఆవిడ మాత్రం ఆ బండి ఎక్కినప్పుడల్లా కాస్త చిన్నబుచ్చుకుంటుంది. అంత నిఖార్సయిన షడ్జం మళ్ళీ ఎక్కడ దొరుకుతుందంటుంది.