రెండు పిగిలిపిట్టలు

రియాద్‌లో మా పక్కింటివారు ఉద్యోగం ముగించుకుని ఇండియా వెళ్లిపోతూ, పంజరంతో సహా ఒక పిగిలిపిట్టను మా పిల్లలకిచ్చి వెళ్లారు. నాలుగు రోజులు ముద్దుచేశాక పిల్లలకు దానిమీద జాలి పుట్టింది. "తాయిఫ్ కొండల్లో వదిలేద్దాం నాన్నగారూ" అన్నారు. పుణ్యమే కదా అనుకున్నాం. సెలవులు రాగానే పంజరాన్ని కూడా కారులో పెట్టుకుని బయల్దేరాం.

రియాద్ నుంచి తాయిఫ్ సుమారు 750 కిలోమీటర్లు. దారి పొడుగునా ఇసుకా, రాళ్లే. ఊరు దాదాపు 1,800 మీటర్ల ఎత్తున ఉంది. గులాబీలకూ, దానిమ్మలకూ పేరు. సాయంత్రానికి ఆ చల్లగాలి తగిలేసరికి ప్రాణం లేచివచ్చింది.

మర్నాడు అల్ హదాలో ఫలహారాలు విప్పుతుండగా చెట్టుమీద తెలిసిన గొంతు వినిపించింది. "మన పిట్టే!" అని పిల్లలు కేకలు పెట్టారు. తీరా చూస్తే మనది కాదు, దాని దాయాది. రెండూ జానెడేసి ఉంటాయి, రెండింటికీ తల నలుపే. కాని మనదానికి నెత్తిన చిన్న జుట్టు, ఒంటిమీద పొలుసుల్లాంటి గీతలు, ఎగిరితే నడుముమీద తెల్లమచ్చ, తోక కింద కుంకుమరంగు. దీనికి జుట్టు లేదు. ఒళ్లు బూడిదరంగు, కుంకుమ ఉండవలసినచోట పసుపు, కళ్లచుట్టూ తెల్లని కళ్లజోడు! టర్కీ దక్షిణం నుంచి యెమెన్, ఒమాన్ దాకా దీని సొంత నేల. అరబ్బులూ బుల్‌బుల్ అనే అంటారు.

పంజరం తలుపు తీయబోతుంటే, మాకు ఆతిథ్యమిచ్చిన డాక్టరుగారు వారించారు. మన పిట్ట ఈ దేశాలకు వచ్చింది పంజరాల్లోనేనట. తప్పించుకున్నవీ, వదిలేసినవీ తోటల్లో స్థిరపడి పండ్లు పాడుచేస్తున్నాయి. పరాయి నేలలో అధికంగా హాని చేసే నూరు జీవుల పట్టిక 2000లో వెలువడితే అందులో దీని పేరూ ఉంది. పైగా రెండు జాతులూ జతకట్టడం కూడా జరుగుతోందట. అలాగే సాగితే కొండమీది పిట్టకు తన పసుపే మిగలకపోవచ్చు.

మా పెద్దమ్మాయి, "అంటే మనం కూడా..." అని సగంలో ఆగిపోయింది. వెంటనే ఏం చెప్పాలో మాకు తోచలేదు. "మనల్ని పనికి రమ్మన్నారు, వచ్చాం, పని అయ్యాక వెళ్తాం. దాన్ని అడక్కుండా పట్టుకొచ్చారు. తప్పు పిట్టది కాదమ్మా" అన్నాం. ఆ జవాబుతో ఆమె తృప్తి పడలేదు. నిజానికి మేమూ పడలేదు.

పిట్ట మాతోనే రియాద్ తిరిగివచ్చింది. బాల్కనీలో దానికి రెక్కలాడేంత పెద్ద గూడు కట్టించాం. మన సభ్యుల్లో ఎవరైనా దేశం వెళ్లిపోతూ పెంపుడు పక్షిని వదిలేద్దామనుకుంటే, దయచేసి ఆ పని చేయకండి. సాకేవారికి అప్పగించి వెళ్లండి.