సింహం మీది పేర్లు

పిల్లలూ, నేను కొత్తగా ఉపాధ్యాయుడినైన రోజుల్లో ఒక పొరపాటు చేశాను. తరగతిలో అందరిచేతా దేశపటాలు గీయించాను. వాటిలో ఒకటి ఎంతో చక్కగా ఉన్నది. కిందనున్న పేరు చదివి, ఆ కుర్రవాణ్ణి మెచ్చుకున్నాను. వెనక బెంచీలోంచి ఇంకొకడు లేచి, "అది నేను గీసిందండీ!" అన్నాడు.

"పేరు వాడిది ఉంటే, పటం నీదెలా అవుతుందిరా?" అని వాడిచేత గోడకుర్చీ వేయించాను.

ఇలాటి పొరపాటే గొప్ప పండితులు కూడా చేశారు. ఈజిప్టులో, నైలునది సముద్రంలో కలిసే ప్రాంతాన, తానిస్ అనే శిథిల నగరం ఉన్నది. 1860 తరవాత మారియెట్ అనే ఫ్రెంచి పండితుడు అక్కడ తవ్వించగా, మనిషి ముఖమూ, సింహం శరీరమూ గల రాతి విగ్రహాలు బయటపడ్డాయి. వాటిమీద అపెపి, రెండవ రామ్సెస్, సుసెన్నెస్ మొదలైన రాజుల పేర్లు చెక్కి ఉన్నాయి. ఒక్క విగ్రహానికి ఇందరు యజమానులా!

రాతిమీద పేరు నిలిస్తే రాజు కూడా నిలిచి ఉంటాడని ఈజిప్టువారి నమ్మకం. కొత్త విగ్రహం చెక్కించటం చాలా శ్రమ. పైగా పూర్వపు రాజుల మహిమలో తమకూ భాగం దొరుకుతుంది. అందుచేత పాత విగ్రహాల మీద తమ పేర్లు చెక్కించుకున్న రాజులు అనేకులు. రెండవ రామ్సెస్ ఇందులో అందరికన్న మొనగాడు.

అపెపి, ఆసియానుంచి వచ్చిన హిక్సోస్ వంశపు రాజు. పేర్లన్నిటిలో పాతది అతనిదే. విగ్రహాల ముఖాలు కూడా వింతగా ఉన్నాయి. అందుచేత ఇవి హిక్సోసులు చేయించినవేనని పండితులు నిశ్చయించారు. కాని 1893లో గోలెనిష్చెఫ్ అనే రష్యన్ పండితుడు, పేర్లను అలా ఉంచి, ముఖాలను ఇతర విగ్రహాలతో పోల్చి చూశాడు. అవి అపెపికి రెండువందల ఏళ్ళకు పైగా ముందు ఏలిన మూడవ అమెనెమ్‌హట్ ముఖాలు!

ఆనాటి సాయంకాలం నేనూ ఆ పటాన్ని మళ్ళీ చూశాను. నదుల వంపులూ, సముద్రంలో వేసిన చిన్నచిన్న అలలూ, అన్నీ గోడకుర్చీ వేసినవాడి నోటుపుస్తకంలో ఉన్నట్టే ఉన్నాయి. పేరున్నచోట కాగితం, రబ్బరుతో రుద్ది రుద్ది పల్చబడింది. మర్నాడు తరగతిలో, "నిన్న తప్పు నాది," అని చెప్పి పటం వాడి చేతికిచ్చాను. వాడు మాట్లాడకుండా పెన్సిలు తీసి, తన పేరు వ్రాసుకున్నాడు.

పిల్లలూ, ఒక వస్తువు ఎవరిదో తేల్చవలసివస్తే, పేరు ఒక్కటే చదవకండి. పనితనాన్ని కూడా చూడండి. అమెనెమ్‌హట్ తన విగ్రహాల కోసం మూడువేల ఏళ్ళు పైగా ఆగాడు. ఆయన రాతి మనిషి, ఆగగలిగాడు. మా కుర్రవాడు ఆగింది ఒక్క రాత్రే. కాని ఆ రాత్రి వాడికి నిద్ర పట్టిందో లేదోనని నేను ఈనాటికీ అనుకుంటూ ఉంటాను.