అడ్వాన్సు రశీదు ఎవరి పేరిట?

ఉస్మాన్‌గంజ్ గల్లీల్లో టూలెట్ బోర్డు చూసి మెట్లెక్కిన ఒంటరి స్త్రీని ముందుగా అడిగేది ‘‘మీవారేం చేస్తారు?’’ అని. అద్దె సంగతి ఆ తర్వాతే. పిహెచ్.డి. రోజుల్లో అఫ్జల్‌గంజ్‌లోని స్టేట్ సెంట్రల్ లైబ్రరీకి నడిచి వెళ్లొచ్చని అక్కడొక గది చూశాను. రెండు నెలల అద్దె అడ్వాన్సన్న ఇంటాయన, నేనొక్కదాన్నే ఉంటానని తెలియగానే నాలుగు నెలలన్నాడు. ‘‘ఆడపిల్లవి, రేపేదన్నా అయితే ఎవర్నడగాలమ్మా?’’

నా ఫెలోషిప్ డబ్బు కట్టాను. రశీదు మాత్రం నాన్న పేరిట రాసిచ్చాడు. రెండేళ్ల తర్వాత ఖాళీ చేస్తుంటే, రంగులకని ఒక నెల అద్దె పట్టుకుని, మిగతాది ‘‘మీ నాన్నగారొస్తే ఇస్తా’’నన్నాడు. నాన్న ఊరి నుంచి బస్సెక్కి వచ్చి, నా డబ్బు తీసుకుని నా చేతికిచ్చారు.

డిపాజిట్ అంటే అద్దె బకాయికీ, ఇంటికి జరిగే నష్టానికీ పూచీ. ఆడవాళ్ల దగ్గరికొచ్చేసరికి అది నడవడికకి పూచీ అయిపోతుంది. అందుకే మొత్తం పెరుగుతుంది, మగవాడి పేరు కావాల్సొస్తుంది.

1960 నాటి అద్దె నియంత్రణ చట్టం ఏడో సెక్షన్ ప్రకారం ఒక నెల అద్దెకి మించి అడ్వాన్సు తీసుకోకూడదు. యజమాని దగ్గర అంతకు మించిన సొమ్ము ఉండగా అద్దెదారు కావాలని బకాయి పడ్డాడనడం చెల్లదని గూడూరు మోడరన్ హోటల్ కేసులో 1989లో సుప్రీంకోర్టు చెప్పింది. 2005 సవరణ వచ్చాక, కార్పొరేషన్ల పరిధిలో నెలకి 3,500 రూపాయలు దాటిన అద్దె ఇళ్లకి ఆ చట్టం వర్తించకుండా పోయింది. ఇవాళ హైదరాబాదులో అంతకు తక్కువకి దొరికే ఇళ్లెన్ని? 2021లో కేంద్ర మంత్రివర్గం ఆమోదించిన నమూనా అద్దె చట్టం నివాసాలకి రెండు నెలల హద్దు పెట్టింది. ఇల్లు అప్పగించినప్పుడే బకాయిలు పోను మిగిలింది తిరిగివ్వాలంది. కానీ ఏ రాష్ట్రమైనా దాన్ని తన చట్టంగా చేసుకుంటేనే అమలు.

ఇవన్నీ నెలల లెక్కలే. హింస భరించలేక ఇల్లు వదిలిన స్త్రీ సంగతి? ఆమెకి వేరే వసతి చూపమనో, దాని అద్దె కట్టమనో ఆదేశించే అధికారం 2005 గృహహింస చట్టం 19వ సెక్షన్ మేజిస్ట్రేటుకిచ్చింది. అక్కడ అద్దె మాటుంది, అడ్వాన్సు మాట లేదు. తాళంచెవి చేతికి రావాలంటే ముందు కట్టాల్సింది అదే. పాత ఇంటి అడ్వాన్సు తన సంపాదనే అయినా, రశీదు భర్త పేరిట ఉంటే తిరిగొచ్చేది అతని చేతికే.

అందుకే నా విద్యార్థినులు ఇల్లు చూసుకుంటుంటే చెబుతాను: డబ్బు మీ బ్యాంకు ఖాతా నుంచే పంపండి, ఒప్పందంలో అద్దెదారుగా మీరే సంతకం చేయండి, రశీదు మీ పేరిటే రాయించుకోండి.