కన్నం లేకుండా లోతు

“పడవ అడుగున కన్నం పెట్టాలి నాన్నా” అన్నాడు మా అబ్బాయి. నా గుండె ఝల్లుమంది.

వాడికి హ్యూస్టన్‌లో ఉద్యోగం. కిందటేడు నేనూ మా ఆవిడా వెళ్లేసరికి ఇరవై రెండడుగుల పాత తెరచాప పడవ కొని ఉన్నాడు. గాల్వెస్టన్ అఖాతంలో చాలా చోట్ల నీళ్లు పదడుగుల లోపేనట. పడవ బురదలో దిగబడకుండా లోతు చెప్పే యంత్రం కావాలట.

నా భయానికి కారణం ఉంది. నేను పుట్టి పెరిగింది బల్లార్‌పూర్‌లో. నాన్నగారు కాగితం మిల్లులో పనిచేసేవారు. కోట పక్కనే వార్ధా నది. ఎండాకాలంలో మోకాలి లోతే కదా అని దిగితే, రెండడుగుల అవతల మడుగు ఉండేది. ఆరో తరగతిలో నా పక్కన కూర్చునే పిల్లవాడు అలాగే దిగి, తిరిగి రాలేదు. అప్పటినుంచి నేను ఏట్లో కాలు పెట్టలేదు. మా వాడికి ఈతా నేర్పించలేదు. అమెరికా వెళ్లి తనే నేర్చుకున్నాడు. ఆ సంగతి నాకు చెప్పడానికి వాడికి నాలుగేళ్లు పట్టింది.

“కన్నం లేకుండా కుదరదా?” అని అడిగాను.

నాలుగు రోజులు వెదికి, కుదురుతుందన్నాడు. యంత్రం పంపే శబ్దం నీటి అడుగును తాకి తిరిగి వస్తుంది. నీళ్లలో శబ్దం సెకనుకు సుమారు 1,500 మీటర్లు పోతుంది గనుక, పట్టిన సమయాన్ని బట్టి లోతు తెలుస్తుంది. ఆ శబ్దం గట్టి ఫైబర్‌గ్లాసు గుండా పోగలదు. చెక్క అయినా, మధ్యలో నురుగు పొర ఉన్నా పనిచేయదు. గాలి బుడగ ఉంటే అసలే పోదు.

ముందుగా పాలిథీన్ సంచిలో నీళ్లు పోసి, పరికరాన్ని అందులో ముంచి పడవ లోపలి అడుగు మీద ఆనించి చూశాడు. అంకెలు కనబడ్డాయి. ఆ చోటును ఉప్పుకాగితంతో రుద్ది, తుడిచి, ఎపాక్సీ జిగురు పోసి, బుడగ మిగలకుండా పరికరాన్ని మెల్లగా తిప్పుతూ నొక్కాడు. రాత్రంతా ఆరనిచ్చాడు.

యంత్రాన్ని నేను నమ్మలేదు. మా వార్ధా పడవవాళ్లు వెదురుగడ దించి లోతు చూసేవారు. నేను తాడుకు అడుగుకొక ముడి వేసి, చివర ఇనుప నట్టు కట్టాను. దాన్ని దించాలంటే పడవెక్కాలి. లైఫ్ జాకెట్ తొడుక్కుని, వాడి చెయ్యి పట్టుకుని ఎక్కాను.

తాడు తొమ్మిదడుగులు చూపింది, యంత్రం ఎనిమిది. పరికరం నీటిమట్టానికి అడుగు కింద ఉంది గనుక లెక్క టాలీ అయింది! అయితే పడవ కింద రెక్కలా ఉండే కీల్ నీటిలోకి నాలుగడుగులు దిగి ఉంటుంది. కనుక దాని కింద మిగిలేది అయిదడుగులే. “మినిమమ్ బ్యాలెన్స్ తీసేసి చూసుకోవాలిరా” అన్నాను. వాడు నవ్వి చుక్కాని నా చేతికిచ్చాడు.

మేం తిరిగొచ్చిన నెలకు మా అమ్మాయి నాగపూర్ నుంచి ఫోను చేసి, ఈత తరగతిలో చేరతానంది. అడగడానికి తను ఎన్నాళ్లు తటపటాయించిందో నేను అడగలేదు. ఫీజు ఆ సాయంత్రమే పంపించాను.